ఇరవైనా, నలభైనా, యాభైనా? ముడతల ఇంజెక్షన్లో డోసు లెక్క, మందు ఎంపిక

ఒకావిడ కనుబొమ్మల మధ్య గీతలకి 20 యూనిట్లు వేయించుకుంది. ఆమె చెల్లెలు సరిగ్గా అదే చోట 50 యూనిట్లు వేయించుకుంది. నెల తర్వాత ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఎవరికి ఎక్కువ పడిందో చెప్పడం కష్టం. అయినా లెక్క బయటపడ్డప్పటి నుంచి ఇంట్లో టెన్షనే. చెల్లెలికి ఓవర్‌డోస్ అయిందేమోనని ఒకరు, అక్కకి తక్కువ వేసి డబ్బులు గుంజారేమోనని ఇంకొకరు. నిజానికి రెండూ సరైన డోసులే. అక్కకి వేసింది బొటాక్స్, చెల్లెలికి వేసింది డిస్‌పోర్ట్. కనుబొమ్మల మధ్య గీతలకి ఆ రెండు మందుల లేబుళ్లలో, అంటే అనుమతి పొందిన వాడక సూచనల్లో, ఉన్న అంకెలు అవే.

ఈ ఇంజెక్షన్ గురించి ఆలోచించేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "నాకు ఎన్ని యూనిట్లు పడతాయి?" అనే. దానికి ఒట్టి అంకె ఒకటి జవాబుగా చెప్పేవాళ్లని నేనైతే నమ్మను. ఏ మందు, ఏ కండరానికి, ఎన్ని యూనిట్లు అన్న మూడూ కలిపి చెబితేనే డోసు చెప్పినట్టు. కింద రాసినదంతా డాక్టర్ ఎదుట కూర్చున్నప్పుడు ఏం అడగాలో, చెప్పిన జవాబుని ఎలా అర్థం చేసుకోవాలో తెలియడానికి. ఇంట్లో సొంతంగా సూది పట్టుకోవడానికి మాత్రం కాదు.

యూనిట్ అంటే ఏమిటి

మిల్లీగ్రాము, మిల్లీలీటరులాగా యూనిట్ అనేది బరువుకో పరిమాణానికో కొలత కాదు. మందు బలానికి కొలత. ఎంత టాక్సిన్ (ఈ మందులో పనిచేసే విషపదార్థం) ఇస్తే పరీక్షలో ఉన్న ఎలుకల్లో సగం చనిపోతాయో, ఆ మొత్తాన్ని ఒక యూనిట్ అన్నారు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఎలుకల బదులు ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఈ పరీక్ష చేస్తున్నాయి గానీ కొలత పేరు మారలేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఈ పరీక్ష ఎలా చేయాలో, మందుని ఏ ద్రవంలో కలిపి చేయాలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. అందుకే ఒకరి యూనిట్ ఇంకొకరి యూనిట్‌తో సమానం కాదు. ఒక మందు యూనిట్లని మరో మందు యూనిట్లలోకి మార్చి లెక్క కట్టకూడదని అన్ని లేబుళ్లలోనూ స్పష్టంగా రాసి ఉంటుంది.

ఈ మందులన్నిటిలో ఉండేది బొట్యులినమ్ టాక్సిన్, అందులోనూ 'A' అనే రకం. నరం చివర ఉండే స్నాప్-25 అనే ప్రోటీన్‌ని ఇది కత్తిరిస్తుంది. దాంతో కండరానికి "ముడుచుకో" అని చెప్పే ఎసిటైల్‌కోలిన్ విడుదల కాదు. కండరం సడలుతుంది, దాని మీద ఉన్న చర్మంలో మడత పడటం ఆగుతుంది. కొన్ని నెలల్లో నరం మళ్లీ కోలుకుని కండరం యథాస్థితికి వస్తుంది. పనిచేసే తీరు అన్నిటిదీ ఇదే కాబట్టి బ్రాండ్ల మధ్య తేడా చూడాల్సింది డోసులో, ఎంతకాలం నిలుస్తుందన్నదాంట్లో, టాక్సిన్‌తో పాటు సీసాలో ఇంకేం కలిపారన్నదాంట్లో.

బ్రాండ్లు పక్కపక్కన పెడితే

కింది సంవత్సరాలు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కనుబొమ్మల మధ్య గీతలకి అనుమతి ఇచ్చినవి. మిగతా దేశాల్లో తేదీలు, కొన్నిచోట్ల పేర్లు కూడా వేరుగా ఉంటాయి.

బొటాక్స్ అన్నిటికన్నా పాతది. అసలు ఇది అందం కోసం వచ్చిన మందు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్ అలన్ స్కాట్ మెల్లకన్నుకి వాడటానికి దీన్ని తయారుచేశారు, 1989లో అనుమతి వచ్చింది. కనురెప్పల అదురుకి ఇది వేయించుకున్నవాళ్లలో కనుబొమ్మల మధ్య గీతలు పోవడం వాంకూవర్‌లో కంటి డాక్టర్ జీన్ కరూథర్స్ గమనించారు. ఆవిడ, చర్మవ్యాధుల నిపుణుడైన ఆవిడ భర్త అలస్టైర్ కలిసి దాన్ని ముడతల చికిత్సగా మలిచారు. ముడతలకి అధికారికంగా అనుమతి వచ్చింది 2002లో. కనుబొమ్మల మధ్యకి లేబుల్ డోసు 20 యూనిట్లు, అయిదు చోట్ల నాలుగేసి. ప్రభావం మూడు నుంచి నాలుగు నెలలు.

జియోమిన్‌కి 2011లో, జువోకి 2019లో, లెటీబోకి 2024లో అనుమతులొచ్చాయి. మూడింటికీ ఈ చోట లేబుల్ డోసు 20 యూనిట్లే. జియోమిన్ ప్రత్యేకత ఏమిటంటే, టాక్సిన్ చుట్టూ మామూలుగా ఉండే అదనపు ప్రోటీన్లని ఇందులో తీసేస్తారు. తెరవని సీసాని గది ఉష్ణోగ్రతలోనూ ఉంచొచ్చు. అదనపు ప్రోటీన్లు లేకపోతే శరీరం మందుకి ఎదురుతిరిగే అవకాశం తక్కువని కొందరు డాక్టర్లు ఇష్టపడతారు. ముడతలకి వాడే చిన్న డోసుల్లో ఏ మందుకైనా అలా ఎదురుతిరగడం అరుదే కాబట్టి, మొదటిసారి వేయించుకునేవాళ్లు కేవలం దీనికోసం జియోమిన్ కావాలని పట్టుబట్టక్కర్లేదు.

డిస్‌పోర్ట్‌కి 2009లో అనుమతి వచ్చింది. డోసు 50 యూనిట్లు, అయిదు చోట్ల పదేసి. లేబుళ్ల ప్రకారం చూస్తే 50కి 20, అంటే రెండున్నర రెట్లు. ప్రాక్టీసులో డాక్టర్లు రెండున్నర నుంచి మూడు రెట్లు అన్న అంచనాతో నడుస్తారు. అది వాళ్ల అనుభవం మీద వేసే అంచనా. మనం క్యాలిక్యులేటర్ తీసి చేసుకునే మార్పిడి కాదు. ఆవుపాల ప్రోటీన్ ఆనవాళ్లు ఇందులో ఉండొచ్చు. పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లకి ఇది వేయకూడదు. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే లాక్టోజ్ సమస్య వేరు, ఈ అలర్జీ వేరు. ఏది ఉందో తేల్చుకుని డాక్టర్‌కి చెప్పాలి. డిస్‌పోర్ట్ ఎక్కువ దూరం పాకుతుందని తరచూ వినబడుతుంది. పాకడం అన్నది ఎంత నీళ్లగా కలిపారు, ఎంత డోసు వేశారు అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి నింద మొత్తం బ్రాండ్ మీద వేయలేం.

డాక్సిఫై 2022లో వచ్చింది. డోసు 40 యూనిట్లు, అయిదు చోట్ల ఎనిమిదేసి. ఎక్కువకాలం నిలుస్తుందన్నదే దీని ఆకర్షణ. దాని సంగతి కింద విడిగా రాశాను.

మరి వీటిలో ఏది? మొదటిసారికి నా సలహా ఏమంత గొప్పగా వినిపించదు. మీరు నమ్మే డాక్టర్ రోజూ ఏది వాడతారో అదే. 20 యూనిట్ల కుటుంబంలో మందుకీ మందుకీ ఉన్న తేడా కన్నా చేతికీ చేతికీ ఉన్న తేడా ఎక్కువ. పాల ప్రోటీన్ అలర్జీలాంటి గట్టి కారణం ఉంటే తప్ప, డాక్టర్ అలవాటు పడిన మందుని మాన్పించి మీరు చదివిన బ్రాండ్ వేయించుకోవడంలో లాభం కనిపించదు.

చోటు మారితే లెక్క మారుతుంది

ఇక్కడి నుంచి అంకెలన్నీ బొటాక్స్ లెక్కలోనే చెబుతాను, కలగాపులగం కాకుండా.

కనుబొమ్మల మధ్య నిలువు గీతలకి 20. నుదుటి అడ్డగీతలకి 20, కానీ దానితోపాటు కనుబొమ్మల మధ్య 20 కూడా వేయాలి, అంటే మొత్తం 40. కళ్ల చివర నవ్వినప్పుడు విచ్చుకునే గీతలకి పక్కకి 12 చొప్పున 24. మూడూ కలిపి ఒకేసారి వేయించుకుంటే 64. ఇవి 2002, 2017, 2013లో వరుసగా అనుమతి వచ్చిన లేబుల్ డోసులు. మీ డాక్టర్ చెప్పిన అంకె వీటికి ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి ఇవి పనికొస్తాయి. దూరంగా ఉన్నంత మాత్రాన తప్పు కాదు, కారణం అడగాలి అంతే.

మూడింట్లోనూ జాగ్రత్త ఎక్కువ కావాల్సింది నుదురే. కనుబొమ్మల్ని పైకెత్తే కండరం ముఖం మొత్తంలో ఒక్కటే, నుదుటి మీదున్న ఫ్రంటాలిస్. కిందికి లాగేవి మాత్రం మూడు నాలుగున్నాయి. తాడు లాగే పోటీలో ఒకవైపు ఒక్కడే నిలబడ్డట్టు. ఆ ఒక్కడి చేతులు సడలిస్తే తాడు ఎటు పోతుందో తెలిసిందే కదా, కనుబొమ్మలు కిందికి దిగుతాయి. నుదుటి గీతలు పోయాయి గానీ కళ్ల మీద బరువు పెట్టినట్టుంది, అలసిపోయినట్టు కనిపిస్తున్నాను అనేవాళ్ల కష్టం ఇదే. నుదుటికి వేసేటప్పుడు కనుబొమ్మల మధ్య కూడా వేయమని లేబుల్ చెప్పేది అందుకే, కిందికి లాగేవాటి బలం కూడా తగ్గించడానికి. "నాకు నుదురు ఒక్కటే చాలు, రెండోది ఎందుకు అంటగడుతున్నారు" అని అనుమానపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇక్కడ మాత్రం వాళ్లు అంటగట్టడం లేదు.

వయసు పెరిగి పై రెప్పలు కాస్త వాలినవాళ్లు తమకి తెలియకుండానే రోజంతా నుదురు ఎగరేసి చూస్తుంటారు. వాళ్ల నుదుటి గీతలకి అసలు కారణం అదే. మీరూ అలా చేస్తున్నారో లేదో అద్దం ముందు తేల్చుకోవచ్చు. కళ్లు మూసుకుని నుదురు పూర్తిగా వదులు చేయండి. కనుబొమ్మ మీద వేలు తేలిగ్గా ఆనించండి, నొక్కకూడదు. ఇప్పుడు మెల్లగా కళ్లు తెరవండి. రెప్ప తెరుచుకోవడంతో పాటు వేలి కింద కనుబొమ్మ కూడా పైకి జరిగితే, చూపు కోసం మీరు నుదుటి కండరం మీద ఆధారపడుతున్నారన్నమాట. ఇలాంటివాళ్లకి నుదుటికి పూర్తి 20 వేస్తే కళ్లు తెరవడమే బరువనిపిస్తుంది. చాలా తక్కువ వేయడమో, నుదురు వదిలేసి కనుబొమ్మల మధ్య మాత్రమే వేయడమో మేలు. ఈ పరీక్ష చేయకుండా, కనీసం "ఒకసారి నుదురు ఎగరేయండి, ఇప్పుడు చిట్లించండి" అని కూడా అనకుండా సూది తీసుకునే చోట లేచి వచ్చేయడమే నయం.

నుదుటి మధ్యలో మాత్రమే వేసి పక్కలు వదిలేస్తే ఇంకో తమాషా. వదిలేసిన పక్క కండరం మొత్తం బలంతో లాగి కనుబొమ్మల చివర్లని బాణాల్లా పైకి లేపుతుంది. ఇది భయపడాల్సింది కాదు. పక్కన ఒకటి రెండు యూనిట్లు వేస్తే సర్దుకుంటుంది.

కళ్ల చివరి గీతలు తేలిక. ఒక్క మాట మాత్రం చెప్పాలి. గట్టిగా నవ్వితే చెంప మీదికి జారే గీతల దాకా సూది దింపమని అడగకండి. అక్కడ నవ్వుని పైకి లాగే కండరాలుంటాయి, వాటికి తగిలితే నవ్వు ఓ పక్కకి పోతుంది.

ముఖం కింది భాగంలో డోసులు చిన్నవి, పొరపాటు జరిగితే మాత్రం పెద్దగా కనిపిస్తుంది. పై పెదవి చుట్టూ సుమారు నాలుగు యూనిట్లు వేసినా కొందరికి స్ట్రాతో తాగడం, ప, బ, మ లాంటి అక్షరాలు పలకడం కొన్ని వారాలు ఇబ్బందిగా ఉంటుంది. పాడేవాళ్లు, పిల్లనగ్రోవి ఊదేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. దవడ వెడల్పు తగ్గించడానికి మాసెటర్ కండరానికి పక్కకి 20 నుంచి 30 దాకా వేస్తుంటారు. ఇది లేబుల్‌లో లేని వాడకం. దవడ సన్నబడినట్టు కనిపించడానికి నెలా రెండు నెలలు పడుతుంది, ఎందుకంటే కండరం వాడకం తగ్గి కరగాలి. మెడ మీద నిలువుగా తేలే పట్టీలకి బొటాక్స్‌కి 2024లో అనుమతి వచ్చింది. వాటి తీవ్రతని బట్టి 26, 31, లేదా 36 యూనిట్లు. మెడలో మింగే కండరాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి మొదటి ప్రయోగం అక్కడ చేయించుకోవద్దు.

అసలు ఈ మందు పనికిరాని గీతలు కూడా ఉన్నాయి. ముఖం కదలకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా గీత లోతుగా కనిపిస్తుంటే అది చర్మంలో నిలిచిపోయిన మడత. యూనిట్లు రెట్టింపు చేసినా అది పోదు, కాస్త మెత్తబడుతుంది అంతే. దానికి ఫిల్లరో (చర్మం కింద నింపే జెల్ లాంటిది), లేజరో, మరొకటో చూడాలి. ఫిల్లర్‌ని మిల్లీలీటర్లలో కొలుస్తారు. "రెండు సిరంజిలు వేశారు" అని ఎవరైనా అన్నారంటే వాళ్లు మాట్లాడేది బహుశా ఫిల్లర్ గురించి, ఈ మందు గురించి కాదు.

సిరంజిలో ఏముంది

బొటాక్స్ సీసా తెరిస్తే లోపల నీళ్లేమీ ఉండవు. అడుగున పల్చటి తెల్లటి పొర, అదీ పరీక్షగా చూస్తేనే. అందులో సెలైన్ ఎక్కించి కలుపుతారు. లేబుల్ పద్ధతిలో 100 యూనిట్ల సీసాకి 2.5 మిల్లీలీటర్ల సెలైన్ పడుతుంది. అలా కలిపితే సన్న సిరంజి మీద 0.1 మిల్లీలీటరు గీత దాకా తీసిన మందులో 4 యూనిట్లుంటాయి. అదే సీసాలో 5 మిల్లీలీటర్లు పోస్తే ఆ 0.1లో ఉండేది 2 యూనిట్లే. చూడ్డానికి సిరంజి అంతే నిండుగా ఉంటుంది, సూది పోట్లూ అన్నే పడతాయి, ముఖంలోకి వెళ్లిన మందు మాత్రం సగం.

ఎక్కువ సెలైన్ కలపడమే మోసం అని మాత్రం అనలేం. విశాలమైన చోట మందు సమంగా పరుచుకోవాలని కొందరు డాక్టర్లు కావాలనే పల్చగా కలుపుతారు. అప్పుడు ఎక్కువ పరిమాణం వేసి యూనిట్లు సరిచూస్తారు. కాబట్టి ఎన్ని పోట్లు, ఎంత ద్రవం అన్నది మాత్రమే చూస్తే డోసు తేలదు. అడగాల్సినవి రెండే: సీసా ఎన్ని యూనిట్లది, ఎంత సెలైన్‌తో కలిపారు. ఈ రెండూ తెలిస్తే, సిరంజిలో ఎంత తీశారో చూసి మిగతా లెక్క ఎవరైనా వేసుకోగలరు. అడిగితే విసుక్కునే చోట, "అవన్నీ మేం చూసుకుంటాం" అని దాటేసే చోట జాగ్రత్త. యూరప్‌లో 2024లో అనుమతి వచ్చిన రెల్ఫిడెస్ లాంటివి నేరుగా ద్రవరూపంలోనే వస్తాయి, కలిపే పనే లేదు. దాని డోసు కనుబొమ్మల మధ్యకి 50 యూనిట్లు, డిస్‌పోర్ట్ అంకెతో సమానమైనా అదీ వేరే మందే.

కలిపిన సీసాని ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లోపు వాడాలని బొటాక్స్ లేబుల్ చెబుతుంది. మీ కళ్లముందే కలపమని అడగడం తప్పేమీ కాదు.

తక్కువ వేయించుకోవాలా, పూర్తిగానా

"బేబీ బొటాక్స్" పేరుతో సగం, అంతకన్నా తక్కువ డోసులు వేయడం మామూలైపోయింది. ముఖం బొమ్మలా బిగుసుకుపోతుందని భయపడేవాళ్లకి ఇది బాగా నచ్చుతుంది. నటులకి, పాఠాలు చెప్పేవాళ్లకి, ముఖ కవళికలతో పని ఉన్నవాళ్లకి ఇది సబబైన ఎంపికే. కాకపోతే డోసు తగ్గితే కదలిక మిగలడంతో పాటు ప్రభావం నిలిచే కాలం కూడా తగ్గుతుంది. నాలుగు నెలలు రావాల్సింది రెండున్నరకే తగ్గుముఖం పడితే, "ఈ మందు నా మీద పనిచేయదు" అని తీర్పు చెప్పేసుకునేవాళ్లు ఉన్నారు. పనిచేసింది, వేసిందే తక్కువ.

నా లెక్క ఇది. కనుబొమ్మల మధ్య సగం డోసు వేయించుకోవడంలో పెద్దగా అర్థం లేదు. అక్కడి కండరాలు బలమైనవి, పైగా కోపంగా చిట్లించే కదలిక తగ్గితే పోయేదేమీ లేదు. లేబుల్ డోసే వేయించుకోవచ్చు. నుదుటికి మాత్రం మొదటిసారి తక్కువతోనే మొదలుపెట్టడం మేలు. చాలామంది అనుభవమున్న డాక్టర్లు కూడా అక్కడ 20 కన్నా బాగా కిందనే మొదలుపెడతారు. తక్కువైతే రెండు వారాల తర్వాత ఇంకాస్త వేయొచ్చు. ఎక్కువైతే వెనక్కి తీయడానికి విరుగుడు లేదు, నెలల తరబడి ఓపిక పట్టడమే. ఫిల్లర్‌నైతే కొన్ని రకాల్లో కరిగించే మందుంది, దీనికి అలాంటిది లేదు.

మగవాళ్ల ముఖ కండరాలు సాధారణంగా మందంగా ఉంటాయి. ఆడవాళ్లకి సరిపోయిన 20 వాళ్లకి చాలకపోవచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్లినప్పుడు ఆయనకి ఎక్కువ యూనిట్లు చెబితే బిల్లు పెంచడానికేనని అనుకోనక్కర్లేదు. అలాగే బాగా వ్యక్తీకరణ ఉన్న ముఖాలకీ, గీతలు లోతుగా పడ్డవాళ్లకీ ఎక్కువ పడుతుంది.

బిల్లు: యూనిట్ లెక్కనా, చోటు లెక్కనా

కొన్నిచోట్ల యూనిట్‌కి ఇంత అని తీసుకుంటారు, కొన్నిచోట్ల నుదురుకి ఇంత, కళ్లకి ఇంత అని. యూనిట్ లెక్కయితే ఎంత వేశారో బిల్లు మీదే ఉంటుంది, తక్కువ డోసు కోరేవాళ్లకి లాభం. ఎక్కువ యూనిట్లు పడేవాళ్లకి చోటు లెక్క కలిసొస్తుంది. తక్కువైనచోట తర్వాత కాస్త వేసే టచప్ కూడా అందులోనే కలిపి ఉంటే ఇంకా మంచిది. యూనిట్ ధరలు పోల్చేటప్పుడు బ్రాండ్ చూడకపోతే లెక్క తిరగబడుతుంది. డిస్‌పోర్ట్ యూనిట్ ధర బొటాక్స్ యూనిట్ ధరలో సగం ఉంటే చవక అనిపిస్తుంది, కానీ పడేది రెండున్నర రెట్లు. మొత్తం బిల్లుని మొత్తం బిల్లుతోనే పోల్చాలి. చోటు లెక్క తీసుకునేచోట కూడా ఏ మందు, ఎన్ని యూనిట్లు వేశారో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

ఆరు నెలల మందు మీద ఆశ

డాక్సిఫై పరీక్షల్లో ప్రభావం నిలిచిన కాలానికి మధ్యస్థ విలువ 24 వారాలు. వినడానికి ఏడాదికి రెండుసార్లు వెళితే చాలన్నట్టుంటుంది. మధ్యస్థ విలువ అంటే సగం మందికి అంతకన్నా తక్కువకాలమే నిలిచిందని కూడా అర్థం. ఇప్పటికే మూడు నాలుగుసార్లు మామూలు మందు వేయించుకుని, తమ ముఖం ఎలా స్పందిస్తుందో తెలిసినవాళ్లకి ఇది మంచి ఎంపిక. సూది అంటే పడనివాళ్లకి, తరచూ అపాయింట్‌మెంట్ కుదరనివాళ్లకి కూడా. మొదటిసారికి మాత్రం నేను వద్దంటాను. ఎక్కువకాలం నిలిచే మందులో నచ్చని ఫలితం కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. కనుబొమ్మ ఒకటి కిందికి దిగితే మూడు నెలలు భరించడం వేరు, ఆరు నెలలు భరించడం వేరు.

ఎవరికి వద్దు, ఎక్కడ వద్దు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. మయస్థీనియా గ్రేవిస్‌లాంటి నరాల, కండరాల జబ్బులున్నవాళ్లకి చిన్న డోసు కూడా ప్రమాదం కావచ్చు. వేసే చోట ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గేదాకా ఆగాలి. జెంటామైసిన్‌లాంటి అమినోగ్లైకోసైడ్ యాంటీబయాటిక్స్ వాడుతుంటే ఆ మాట ముందే చెప్పాలి, అవి టాక్సిన్ ప్రభావాన్ని పెంచుతాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి కమిలిన మచ్చలు ఎక్కువ పడతాయి. అలాగని వాటిని సొంతంగా మానేయకూడదు.

ఇంటర్నెట్‌లో సీసాలు అమ్ముతున్నారని, వీడియో చూసి వేసుకోవచ్చని అనేవాళ్లుంటారు. ఫ్లోరిడాలో 2004లో లైసెన్సు లేని, గాఢమైన టాక్సిన్ ఎక్కించుకుని నలుగురు కండరాలు చచ్చుబడి ఆస్పత్రి పాలయ్యారు, శ్వాసకి యంత్రం పెట్టాల్సి వచ్చింది. నకిలీ బొటాక్స్ గురించి ఎఫ్‌డీఏ మళ్లీ 2024 ఏప్రిల్‌లో హెచ్చరించింది. సీసా మీద లేబుల్ ఏం చెప్పినా, లోపల ఎన్ని యూనిట్లున్నాయో నకిలీలో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఇంత డోసు అన్న మాటకే అర్థం ఉండదు. ఎవరు వేసినా సరే, ఇంజెక్షన్ తర్వాత గంటల్లో గానీ వారాల్లో గానీ మింగడం, మాట్లాడటం, ఊపిరి తీయడం కష్టమైనా, ఒళ్లంతా నీరసం కమ్మినా క్లినిక్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పై రెప్ప వాలడం అంత ప్రమాదం కాదు గానీ బాధే. కనుబొమ్మల మధ్య గీతలకి బొటాక్స్ వేసిన పరీక్షల్లో ఇది సుమారు 3 శాతం మందికి వచ్చింది. సూది కంటిగూటి ఎముక అంచుకి మరీ దగ్గరగా పడ్డప్పుడు మందు రెప్పనెత్తే కండరానికి చేరి ఇలా జరుగుతుంది. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఈలోగా డాక్టర్ రాసిచ్చే అప్రాక్లోనిడిన్ చుక్కలు రెప్పని ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకెత్తుతాయి, ఫొటోలు దిగాల్సిన రోజుకి అదీ ఊరటే.

రెండు వారాల దాకా

ప్రభావం రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది, పూర్తిగా కనిపించడానికి రెండు వారాల దాకా పడుతుంది. నాలుగో రోజు అద్దంలో చూసుకుని ఒక కనుబొమ్మ ఇంకా కదులుతోందని టచప్ కోసం పరుగెత్తకండి. ఆ రోజు వేసింది, ముందు వేసింది రెండూ కలిసి రెండో వారానికి ఎక్కువైపోతాయి. 14 రోజులయ్యాక వెళ్లి, అదే వెలుతురులో నుదురు ఎగరేసి, చిట్లించి, నవ్వి చూపించాలి. ఒకవైపు తక్కువుంటే అప్పుడు ఒకటి రెండు యూనిట్లు వేస్తారు. ఆ తర్వాత మళ్లీ పూర్తి డోసుకి మూడు నెలలైనా ఆగాలి. పదేపదే, దగ్గర దగ్గరగా వేయించుకుంటే శరీరంలో ఈ మందుని అడ్డుకునే యాంటీబాడీలు పుట్టే అవకాశం పెరుగుతుంది. అవి గట్టిపడితే డోసు ఎంత పెంచినా ఫలితం ఉండదు.

వచ్చేముందు ఒక కాగితం అడిగి తీసుకోండి. మందు పేరు, లాట్ నంబర్, ఎంత సెలైన్‌తో కలిపారు, ముఖం బొమ్మ మీద ఏ చుక్క దగ్గర ఎన్ని యూనిట్లు. ఊరు మారినా, డాక్టర్ మారినా రెండోసారి డోసు నిర్ణయించేది ఆ కాగితమే. రెండోసారి నుదుటికి యూనిట్లు పెంచాలనో తగ్గించాలనో అనుకుంటే బ్రాండ్ మాత్రం మొదటిసారిదే ఉంచండి. రెండూ ఒకేసారి మారిస్తే, వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో వేసిన డాక్టర్ కూడా చెప్పలేరు.